అమెరికా ప్రెసిడెంట్‌కి ఎలక్టర్లు ఓటు ఎలా వేసేవాళ్ళు: పాత రోజుల ప్రొసీజర్ మొత్తం

సిటిజన్‌షిప్ వచ్చిన మన తెలుగువాళ్ళు నవంబర్‌లో పోలింగ్‌కి వెళ్ళొచ్చి ప్రెసిడెంట్‌కి ఓటేశాం అంటారు కదా, చట్టం లెక్కలో వాళ్ళు ఓటేసేది ఎలక్టర్లకి, ప్రెసిడెంట్‌కి అసలు ఓటు ఆ ఎలక్టర్లు డిసెంబర్‌లో వేస్తారు. 1789 నుంచీ ఇదే పద్ధతి, తేదీలే మారుతూ వచ్చాయి. ఇందులో ఓటు వెయ్యడం ఎంత ముఖ్యమో దాని కాగితం సరిగ్గా రాసి, సీల్ వేసి, టైముకి చేర్చడం కూడా అంతే ముఖ్యం, చాలామంది ఈ ముక్క వదిలేస్తారు, అందుకే రాస్తున్నా.

సరే, మీరు 1792లో ఒక ఎలక్టర్ అనుకోండి. ముందు అర్హత. సెనేటర్ అయినా ప్రతినిధుల సభ మెంబర్ అయినా పనికిరారు, ఫెడరల్ గవర్నమెంట్‌లో జీతమొచ్చే పదవి ఏదున్నా పనికిరారు. ఇది ఏదో పేరుకి పెట్టిన రూల్ కాదు, 1876లో ఒరెగాన్‌లో గెలిచిన ఎలక్టర్ ఒకాయన పోస్ట్‌మాస్టర్‌గా పనిచేస్తున్నాడని తేలి ఎంత గొడవయ్యిందో కింద చెప్తా. మిమ్మల్ని ఎవరు ఎంపిక చేస్తారనేది మీ రాష్ట్రం ఇష్టం, కొన్నిచోట్ల జనం ఓటేసేవాళ్ళు, కొన్నిచోట్ల శాసనసభే పేర్లు తేల్చేది, సౌత్ కరోలినాలో అయితే 1860 దాకా శాసనసభే.

తేదీ: 1792 చట్టం ప్రకారం డిసెంబర్ మొదటి బుధవారం, ఎవరి రాష్ట్రంలో వాళ్ళు. దేశంలో ఎలక్టర్లందరూ ఒక్కచోట కూడడం అనేది అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. మొట్టమొదటిసారి మాత్రం 1789 ఫిబ్రవరి 4న వేశారు, ఓటేసిన 69 మందీ వాషింగ్టన్ పేరు రాశారు. ఆ ఎన్నికలో న్యూయార్క్ అసలు ఎలక్టర్లనే నియమించుకోలేకపోయింది.

ఓటు ఎలా వెయ్యాలంటే బ్యాలెట్ మీద రెండు పేర్లు రాయాలి, అందులో ఒక్కరైనా మీ రాష్ట్రం కానివాళ్ళు ఉండాలి. ఏది ప్రెసిడెంట్‌కి ఏది వైస్ ప్రెసిడెంట్‌కి అని రాసే వీల్లేదు, ఎక్కువ వచ్చినాయన ప్రెసిడెంట్, తర్వాతాయన వైస్. ఇక్కడే 1800లో దెబ్బతిన్నారు, ఒకే పార్టీ వాళ్ళు జెఫర్సన్‌కి, బర్‌కి ఇద్దరికీ చెరి 73 పడి సమానమైపోతే ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ పెట్టాక గానీ జెఫర్సన్ తేలలేదు. 1804లో 12వ సవరణ వచ్చి రెండు పదవులకీ విడివిడిగా బ్యాలెట్ పెట్టారు.

ఇప్పుడు అసలు పని, కాగితాలు. గవర్నర్ మీ ఎలక్టర్ల పేర్ల లిస్టు సర్టిఫై చేసి మూడు కాపీలు మీకు అందజెయ్యాలి. మీరు ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి మూడు సర్టిఫికెట్లు తయారుచేసి అందరూ సంతకాలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో లిస్టు జతచేసి, సీల్ వేసి, లోపల ఈ రాష్ట్రం ఓట్లు ఉన్నాయని పైన రాయాలి. ఒక సెట్ మనిషికిచ్చి పంపాలి, ఆ మనిషిని కూడా మీరే రాతపూర్వకంగా నియమించాలి, అతను జనవరి మొదటి బుధవారం లోపు రాజధానికి వెళ్ళి సెనేట్ అధ్యక్షుడి (అంటే వైస్ ప్రెసిడెంట్) చేతికివ్వాలి. రెండోది అదే సెనేట్ అధ్యక్షుడి పేరుమీద పోస్టులో. మూడోది మీరు కూడిన చోటి జిల్లా ఫెడరల్ జడ్జికి.

నాకు ఈ చట్టంలో బాగా నచ్చే భాగం ఈ మూడో కాపీనే. గుర్రాల మీద, పడవల మీద పోయే రోజులు, దారిలో మనిషికేదైనా అయితే, పోస్టు సంచి పోతే, రాష్ట్రం మొత్తం ఓటు పోయినట్టే కదా. జనవరి మొదటి బుధవారానికీ ఏదీ చేరకపోతే విదేశాంగ మంత్రి ప్రత్యేకంగా మనిషిని ఆ జడ్జి దగ్గరికి పంపి తెప్పించాలి, అదీ చట్టంలోనే రాశారు. తీసుకెళ్ళే మనిషికి మైలుకి 25 సెంట్లు ఇచ్చేవాళ్ళు, పని ఒప్పుకుని ఎగ్గొడితే 1000 డాలర్ల జరిమానా, ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు.

తేదీ దాటితే? 1856లో విస్కాన్సిన్ ఎలక్టర్లు మంచు తుఫానులో ఇరుక్కుని ఒకరోజు లేటుగా ఓటేశారు. ఆ 5 ఓట్లు లెక్కలోకి వస్తాయా రావా అని కాంగ్రెస్‌లో పెద్ద వాదన జరిగింది, అవి కలిపినా తీసేసినా బుకానన్ గెలుస్తాడు కాబట్టి బతికిపోయారు.

అన్నిసార్లూ అలా బతకలేం. 1876లో ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా నుంచి రెండేసి రకాల సర్టిఫికెట్లు వచ్చాయి, ఒరెగాన్ నుంచి ఆ పోస్ట్‌మాస్టర్ గొడవతో ఇంకో జంట. ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినా గవర్నర్ ఊరుకోక ఓడిపోయిన పార్టీ మనిషి పేరు సర్టిఫై చేశాడు. ఏది అసలుదో తేల్చే రూలే లేదు, 15 మందితో కమిషన్ వేస్తే 8-7తో హేస్ వైపు తేల్చింది, చివరికి ప్రెసిడెంట్ పోటీలో హేస్‌కి 185, టిల్డెన్‌కి 184 ఓట్లు. అంటే ఒరెగాన్‌లో ఆ ఒక్క ఓటు టిల్డెన్ వైపు పోయుంటే ప్రెసిడెంటే వేరు.

ఆ దెబ్బకి 1887లో ఎలక్టోరల్ కౌంట్ చట్టం తెచ్చి గవర్నర్ సర్టిఫికెట్‌కి బరువు పెంచారు, ఓటేసే రోజుని జనవరి రెండో సోమవారానికి మార్చారు. తర్వాత మళ్ళీ డిసెంబర్‌కే తెచ్చారు, 2022 చట్టం వచ్చాక డిసెంబర్ రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం, 2024లో అది 17వ తేదీ. మూడు సెట్లు కాస్తా ఆరయ్యాయి: సెనేట్ అధ్యక్షుడికి ఒకటి, రాష్ట్ర ఎన్నికల అధికారికి రెండు, నేషనల్ ఆర్కైవ్స్‌కి రెండు. ఆరోది ఇప్పటికీ ఆ జిల్లా జడ్జికే పంపుతారు.