బడిలో ఆఫ్రికా పాఠం: వెళ్లే ముందు జాగ్రత్తలు

విజయవాడ, గుంటూరు బడుల్లో ఆఫ్రికా సంస్కృతుల గురించి చెప్పబోయే వాలంటీర్లు ముందుగా ఇవి చూసుకోండి.

• "ఆఫ్రికా వాళ్లు ఇలా ఉంటారు" అనే మాట పాఠంలో ఎక్కడున్నా కొట్టేయండి. అక్కడ 54 దేశాలున్నాయి. పీరియడ్‌కి ఒక్క దేశం చాలు. ఘనా అయితే కెంటే అనే రంగురంగుల బట్ట నేత. ఇథియోపియా అయితే లాలిబెలా పట్టణంలో రాతిని తొలిచిన చర్చిలు, 13 నెలల క్యాలెండర్.

• ఫోటోల్లో సింహాలు, గుడిసెలు, ఆకలే ఉంటే ఆ సెట్ వద్దు. లాగోస్, నైరోబీ నగరాల వీధులు చూపించండి.

• బెనిన్ కంచు శిల్పాల గురించి చెబితే, 1897లో బ్రిటిష్ సేనలు బెనిన్ నగరం నుంచి వాటిని దోచుకెళ్లిన సంగతి దాచకండి. ఆ బెనిన్ నగరం ఇప్పుడు నైజీరియాలో ఉంది, బెనిన్ దేశంలో కాదు. మన అమరావతి శిల్పాలు కూడా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి పిల్లలు ఇక్కడ చాలా ప్రశ్నలు అడుగుతారు. టైమ్ ఉంచండి.

• ముఖాలకు రంగు పూసి వేషాలు వేయించడం వద్దే వద్దు.

• ఇక్కడ చదువుకునే ఆఫ్రికా విద్యార్థులను పిలిస్తే, ఏం మాట్లాడాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. డాన్స్ చేయమని అడగొద్దు. జుట్టు ముట్టుకోకూడదని, రంగు గురించి మాట అనకూడదని పిల్లలకు ముందురోజే చెప్పండి. రానుపోను ఖర్చు మీరే పెట్టుకోవాలి.