తిరుపతి ఎండల్లో కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఎట్లా

ముందు బిల్లు తీసి యూనిట్లు ఎన్నో చూడండి, రూపాయలు తర్వాత. యూనిట్ అంటే 1000 వాట్ల సామాను గంటసేపు నడిస్తే అయ్యే కరెంటు. మన దగ్గర స్లాబులు కాబట్టి యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది, అందుకే పై స్లాబులో తగ్గించే యూనిట్లే ఎక్కువ డబ్బు మిగులుస్తాయి.

ఫ్యాన్లతో మొదలుపెట్టండి. పాత ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) అయితే 30 చుట్టూ ఉంటుంది, రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 16 యూనిట్లు మిగుల్తాయి, మనకు ఎండాకాలం రాత్రీపగలూ తిరగాల్సిందే కదా. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, హాల్లోదీ పడగ్గదిలోదీ చాలు.

ఫ్రిజ్ డోర్‌లో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, ఈజీగా వచ్చేసిందంటే రబ్బరు వదులైనట్టే, చల్లదనం బయటికి పోతా ఉంటుంది. ఆ రబ్బరు ఒక్కటే మార్పించుకోవచ్చు, కొత్త ఫ్రిజ్ కొనమనేవాళ్ళ మాట వినొద్దు. గోడకి ఆనించి కూడా పెట్టొద్దు.

ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునే వాళ్ళని ఏమనాలో! 25లో పెట్టి ఫ్యాన్ స్లోగా వేయండి, ఫిల్టర్ కడగండి.

పై అంతస్తు వాళ్ళు మిద్దె మీద ఫిబ్రవరిలోనే తెల్ల కూల్ పెయింట్ గానీ సున్నం గానీ కొట్టించుకోండి. గీజరా? మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళే కాలిపోతా ఉంటాయి, దాని స్విచ్ ఆపేయండి.