కాంబి బాయిలర్ మొరాయిస్తోందా? ముందు గ్యాస్ లైను, కరెంటు లైను చూడండి

కొత్తగా బిగించిన కాంబి బాయిలర్ (గదుల హీటింగుకూ కుళాయి వేడినీళ్లకూ ఒక్కటే పనిచేసే గ్యాస్ బాయిలర్) ఆగి ఆగి పనిచేస్తుంటే చాలామంది ముందు దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డును (పీసీబీ) అనుమానిస్తారు. బోర్డు మార్చినా అదే జబ్బు తిరగబెడితే, తప్పు బాయిలర్‌కు వచ్చే గ్యాసులోనో కరెంటులోనో ఉందన్నమాట. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఇవేవీ చూడొద్దు. స్విచ్చులు ముట్టుకోకుండా గ్యాస్ మీటరు దగ్గరి వాల్వు కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చాకే ఫోన్ చేయండి. కింద చెప్పిన గ్యాస్ కొలతలు లైసెన్సున్న మెకానిక్ తీయాల్సినవి. ఏం కొలవాలో తెలిస్తే దగ్గరుండి అడగొచ్చు.

సమస్య: గదులు బాగానే వెచ్చబడతాయి, వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పితే మంట ఆరిపోతుంది

కారణం: దాదాపు ఎప్పుడూ సన్నటి గ్యాస్ పైపే. గదులు వేడెక్కించడానికి 10 కిలోవాట్లు చాలు. కుళాయి తిప్పగానే అదే బాయిలర్ 30 కిలోవాట్లకు ఎగబాకి గంటకు సుమారు 3 ఘనపు మీటర్ల సహజవాయువు లాగుతుంది. గ్యాస్ మూడింతలైతే పైపులో పీడన నష్టం సుమారు తొమ్మిదింతలవుతుంది. అందుకే హీటింగ్‌లో బయటపడని లోపం స్నానాల గదిలో బయటపడుతుంది.

ఎలా తేల్చాలి: అన్నీ ఆపి ఉన్నప్పుడు తీసిన రీడింగును నమ్మొద్దు, అది ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. బాయిలర్ గ్యాస్ ఇన్‌లెట్ దగ్గర మానోమీటరు (గ్యాస్ పీడనం కొలిచే సాధనం) తగిలించి, వేడినీళ్ల కుళాయిలు పూర్తిగా తిప్పి, ఇంట్లోని మిగతా గ్యాస్ పొయ్యిలు కూడా వెలిగించి చూడాలి. నీళ్లు నింపిన యు ఆకారపు గొట్టం (యు-ట్యూబు) మానోమీటరైతే, ఒక మిల్లీబారు పీడనం అంటే రెండు వైపుల నీటిమట్టాల మధ్య ఒక సెంటీమీటరు తేడా. 21 దగ్గరున్న ఆ తేడా కుళాయి తిప్పగానే 15కి జారితే కంటికే తెలిసిపోతుంది. అదే సమయంలో గ్యాస్ మీటరు దగ్గరా కొలవాలి. బ్రిటన్‌లో సహజవాయువుకు మామూలు పీడనం 20 మిల్లీబార్లు. మీటరు నుంచి బాయిలర్ దాకా 1 మిల్లీబారుకు మించి తగ్గకూడదు. మీటరు దగ్గరే తక్కువుంటే పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరు తప్పు, అది గ్యాస్ సరఫరా సంస్థ చూసుకోవాలి.

పరిష్కారం: 15 మి.మీ. రాగి పైపు తీసి 22 మి.మీ. వేస్తే అదే గ్యాసుకు నష్టం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. పైపు పొడవు లెక్కలో ప్రతి ఎల్బోకు (మలుపు దగ్గరి జాయింటుకు) మరో అర మీటరు కలపండి. చివరి ఒక మీటరు పొడవు పైపు మాత్రమే మార్చి లాభం లేదు, ఇరుకంతా వెనకే మిగిలిపోతుంది.

సమస్య: ప్రొపేన్ సిలిండర్‌తో కాసేపు బాగానే నడిచి నీరసిస్తుంది, సిలిండర్ మీద మంచు పేరుకుంటుంది

30 కిలోవాట్ల మీద గంటకు రెండు కిలోలకు పైగా ప్రొపేన్ ఖర్చవుతుంది. ఒక్క సిలిండర్ లోపలి ద్రవం అంత వేగంగా ఆవిరి కాలేదు. రెండు మూడు సిలిండర్లను కలిపి పెట్టించండి. బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, చలి ప్రదేశాల్లో ఆరుబయట పెట్టే సిలిండర్లకు అది పనికిరాదు.

సమస్య: మంట అంటుకుంటుంది, కొన్ని సెకన్లకే ఆరిపోతుంది, మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత లాకౌట్ (బాయిలర్ తనంతట తానే ఆగిపోయి, రీసెట్ చేసేదాకా వెలగదు)

కారణం: మంట ఉందని బాయిలర్ కనిపెట్టేది మంట గుండా ఎర్త్‌కు పారే కొన్ని మైక్రోఆంపియర్ల కరెంటుతో. ఎర్త్ తెగినా, చాలా మోడళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా మంట కళ్లెదుట వెలుగుతున్నా బోర్డుకు కనిపించదు. జనరేటరు మీద మాత్రమే ఇలా జరిగితే దాని న్యూట్రల్ ఎర్త్‌కు కలపలేదని అర్థం.

పరిష్కారం: మల్టీమీటరుతో కొలిస్తే ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్ రెండూ 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్-ఎర్త్ సున్నాకు దగ్గరగా ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య 100 వోల్టుల పైన చూపిస్తే బోర్డు జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైరింగ్ సరిగ్గా ఉంటే మంటను కనిపెట్టే ఎలక్ట్రోడును చూడమనండి.

సమస్య: 3 ఆంపియర్ల ఫ్యూజు పదేపదే పోతుంది

పంపు, ఫ్యాను కలిపినా లాగేది సాధారణంగా 150 వాట్ల లోపే, అంటే ఒక ఆంపియరు కూడా కాదు. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో షార్టయింది, ఎక్కువగా పంపు కనెక్టరులోకి నీళ్లు కారి ఉంటాయి. 13 ఆంపియర్ల ఫ్యూజు వేసి సరిపెట్టడం తీగను కాల్చుకోవడమే.

సమస్య: రూమ్ థర్మోస్టాట్ ఆపినా హీటింగ్ ఆగదు

థర్మోస్టాట్ టెర్మినళ్ల మధ్య ఫ్యాక్టరీలో వేసిన చిన్న లింకు తీగను తీయడం మరిచిపోయారు. కరెంటు ఆపి తీయించండి. అదే చోట ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది: కొన్ని బాయిలర్లలో ఆ టెర్మినళ్లు 24 వోల్టులవి, వాటికి 230 వోల్టుల తీగ తగిలిస్తే బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది. మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మ చూశాకే తీగ బిగించమనండి.