పెండింగ్ గేములు కదలడం లేదా? ఎక్కడ పట్టేసిందో ముందు చూడండి

కొన్న ఇండీ గేములు (చిన్న టీములు సొంతంగా చేసినవి), ఎక్కించుకున్న పాత గేములు కుప్పగా పడి ఉన్నాయి, ఒక్కటీ పూర్తి కావట్లేదు అని మన తిరుపతి, చిత్తూరు వైపు గేమర్లలో ఎవరిని కదిలించినా అంటారు. కారణం అడిగితే "టైం లేదన్నా" అని ఒకటే మాట. టైం తక్కువన్నది నిజమే కానీ అది సగమే. ఆగిపోయిన ప్రతి గేముకీ ఆగిన చోటు ఒకటి ఉంటుంది: ఒకటి బటన్ లేటుగా పనిచేయడం వల్ల, ఒకటి సేవ్ పోవడం వల్ల, ఒకటి మధ్యలో మూడు వారాలు ముట్టుకోకపోవడం వల్ల, ఇంకొకటి అసలు మనకి నచ్చకపోవడం వల్ల. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. మీ సమస్య కింద ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికి పోండి, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

సమస్య: లైబ్రరీ తెరుస్తారు, పైకీ కిందికీ స్క్రోల్ చేస్తారు, ఏదీ ఆడకుండా మూసేస్తారు

కారణం: కంటి ముందు ఉన్నవి మరీ ఎక్కువ, పైగా ఏది ఎంతసేపు పడుతుందో తెలీదు. చిన్నప్పుడు టీవీకి తగిలించుకున్న వీడియో గేము క్యాసెట్ల మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది గుర్తుందా? లోపల చూస్తే అసలు గేములు కొన్నే, అవే పేరు మార్చుకుని, లెవెల్ మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. ఉన్నవి కొన్నే కాబట్టి వాటినే అరగదీసి ఆడాం, ప్రతి గుంతా ప్రతి పైపూ కంఠస్థం అయ్యాయి. ఇప్పుడు నిజంగానే వందల గేములున్నాయి, అందుకే చేయి ఆగిపోతోంది.

ఏం చేయాలి: స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు కొనుక్కుని ఆడే యాప్) గేము మీద రైట్ క్లిక్ చేస్తే కలెక్షన్‌లో పెట్టుకునే ఆప్షన్ వస్తుంది. 'ఇప్పుడు' అని ఒక కలెక్షన్ పెట్టి అందులో మూడే ఉంచండి: ఒకటి పెద్దది, ఒకటి ఒక్క పూటలో అయిపోయేది, ఒకటి పాతది. మిగతావి అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, ఎక్కడికీ పోవు, కానీ స్టీమ్ క్లౌడ్ (సేవ్‌ని ఆన్‌లైన్‌లో దాచేది) లేని గేమైతే ముందు సేవ్ ఫోల్డర్ కాపీ చేసి పెట్టుకోవడం మర్చిపోకండి. ఎంతసేపు పడుతుందో హౌ లాంగ్ టు బీట్ సైట్‌లో చూసుకోవచ్చు, కథ వరకైతే ఎంత, అన్నీ చేస్తే ఎంత అని విడివిడిగా ఇస్తారు. ఎ షార్ట్ హైక్ రెండు గంటల్లోపు అయిపోతుంది, హాలో నైట్‌కి పాతిక గంటలు పైనే కావాలి. ఈ రెండూ ఒకే లిస్టులో పక్కపక్కన కూర్చుంటే మనసు రెండోదాన్ని చూసి బెదిరి మొదటిదాన్ని కూడా వదిలేస్తుంది.

సమస్య: పాత గేము మొదలుపెట్టిన పది నిమిషాలకే విసుగొచ్చి ఆపేస్తున్నారు

ఇక్కడ కారణాలు రెండు, విడదీసి చూడాలి.

మొదటిది, ఏం చేయాలో గేము చెప్పదు. ఆ రోజుల్లో చెప్పాల్సిందంతా పెట్టెలో వచ్చే మాన్యువల్‌లో ఉండేది. 1986లో జపాన్‌లో వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డాని తర్వాత అమెరికాలో అమ్మినప్పుడు మ్యాపు కూడా పెట్టెలోనే ఇచ్చారు. మనకి వచ్చిన క్యాసెట్లకి పుస్తకాలూ లేవు, మ్యాపులూ లేవు. కాబట్టి గేము మొదలుపెట్టే ముందు దాని మాన్యువల్ వెతికి చదవండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు బోలెడున్నాయి. కథ, శత్రువుల పేర్లు, ఏ వస్తువు ఎందుకు పనికొస్తుంది, అన్నీ బొమ్మలతో సహా అందులో ఉంటాయి. టీ తాగేలోపు అయిపోతుంది, ఆ తర్వాత గేమే వేరేగా కనిపిస్తుంది.

రెండోది, కష్టం. నింటెండో పాత టీవీ గేము మెషీన్ ఎన్ఈఎస్‌లోని కాంట్రానే తీసుకోండి. 1988లో వచ్చింది, 8 స్టేజీలు, చేయి తిరిగినవాళ్లకి అరగంట పని. కానీ మూడు ప్రాణాలే, ఒక్క బుల్లెట్ తగిలితే ఒక ప్రాణం పోతుంది. ఆర్కేడ్ మెషీన్లలో కాయిన్ మీద కాయిన్ వేయించడానికి పుట్టిన పద్ధతి అది, ఇంటి గేముల్లోకీ అట్లాగే వచ్చేసింది. టైటిల్ స్క్రీన్ మీద పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ, ఆ తర్వాత స్టార్ట్ నొక్కితే 30 ప్రాణాలొస్తాయి. ఈ కోడ్ కాంట్రాలో పుట్టింది కాదు. 1986లో గ్రేడియస్ అనే గేముని ఎన్ఈఎస్ కోసం తయారుచేస్తున్నప్పుడు, టెస్ట్ చేయడానికి తనకే మరీ కష్టంగా ఉందని కొనామీ ప్రోగ్రామర్ కజుహిసా హషిమోతో పెట్టుకున్న కోడ్ ఇది. తయారుచేసినాయనకే సాయం కావాల్సి వచ్చినప్పుడు మనం సేవ్ స్టేట్ (పాత గేముల్ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్‌లో ఏ క్షణాన్నైనా దాచుకుని మళ్లీ అక్కడికే రావడం) వాడితే తప్పేముంది? దీన్ని మోసం అనేవాళ్లతో నాకు అస్సలు కుదరదు.

అయితే సేవ్ స్టేట్‌కి ఒక హద్దు పెట్టుకోండి. అడుగడుగునా సేవ్ చేసి, దెబ్బ తగిలినప్పుడల్లా వెనక్కి పోతే గేము నేర్చుకోరు, నేర్చుకోకపోతే ముందుకెళ్లే కొద్దీ ఇంకా విసుగు. స్టేజ్ మొదట్లో ఒకటి, బాస్ ముందు ఒకటి, అంతే. సరిగ్గా ఇదే పద్ధతిని 2018లో వచ్చిన సెలెస్ట్ గేములోనే పెట్టేసింది: ఒక్కో స్క్రీన్ చిన్నది, చచ్చిన క్షణంలోనే అదే స్క్రీన్ మొదట్లో లేస్తాం. అంతకీ కష్టమనిపిస్తే అసిస్ట్ మోడ్‌లో గేము స్పీడ్ తగ్గించుకోవచ్చు. ఆ ఆప్షన్ వాడటానికి మొహమాటపడి గేమునే మూలన పడేయడం కంటే 80 శాతం స్పీడ్‌లో చివరి దాకా పోవడం ఎంతో మేలు.

సమస్య: బటన్ నొక్కాక కాస్త ఆగి దూకుతున్నాడు, చిన్నప్పుడు ఇట్లా లేదే!

చేతులు మొద్దుబారాయి, వయసైపోయింది అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. చాలాసార్లు తప్పు మీది కాదు. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు గీసేది. ఇప్పటి టీవీ బొమ్మని నున్నగా చేసి, రంగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల గేములో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, టీవీ ఐదారు ఫ్రేములు మింగిందంటే గుంత అంచున దూకాల్సిన మారియో గుంతలోనే పడతాడు.

ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, సగం సమస్య అక్కడే పోతుంది. కంట్రోలర్ బ్లూటూత్‌దైతే వైరు పెట్టి చూడండి. ఇంకా ఉంటే రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే రన్ అహెడ్ అనే సెట్టింగ్ ఉంది, లేటెన్సీ మెనూలో దొరుకుతుంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో ఊహించి పెట్టకండి, కొలవండి: గేము నడుస్తుండగా కీబోర్డ్‌లో పి నొక్కి పాజ్ చేయండి, దూకే బటన్ పట్టుకుని ఉంచి కె ఒక్కోసారి నొక్కుతూ పోండి, ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేము కదులుతుంది. ఎన్నో నొక్కుకి మనిషి కదిలాడో దానికి ఒకటి తక్కువ పెట్టాలి. మూడో నొక్కుకి కదిలితే రెండు. అంతకంటే ఎక్కువ పెడితే బొమ్మ గెంతుతున్నట్టు కనిపిస్తుంది.

మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తుంటే అది వేరే సంగతి, 4:3 బొమ్మని వెడల్పు టీవీకి సాగదీశారు. యాస్పెక్ట్ రేషియో 4:3కి మార్చి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానీయండి.

సమస్య: సేవ్ పోయింది, మళ్లీ మొదటి నుంచి ఆడే ఓపిక లేదు

ఎక్కువ గేముల్ని చంపేది ఇదేనని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా చెబుతున్నా.

ఒకటి, కరెంటు. ఎమ్యులేటర్‌లో నడిచే గేము లోపల మీరు సేవ్ చేసినప్పుడు అది వెంటనే డిస్కులోకి పోతుందని అనుకుంటాం. రెట్రోఆర్క్ మామూలుగా గేము మూసేటప్పుడే ఆ సేవ్‌ని ఫైల్‌లో రాస్తుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద సాయంత్రం రెండు గంటలు ఆడి, మూడుసార్లు సేవ్ చేసి, ఎండాకాలం కరెంటు ఒక్కసారి పోయిందంటే ఆ మూడూ పోయినట్టే. సెట్టింగ్స్‌లో సేవింగ్ కింద సేవ్‌రామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అని ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే 10 సెకన్లు పెట్టండి. ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటి ఈ రోజే చేయండి.

రెండు, పాత సేవ్ స్టేట్. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణంలో మెషీన్ మెమరీ మొత్తానికీ ఫోటో. పోయిన నెల స్టేట్ లోడ్ చేస్తే గేము లోపలి సేవ్ కూడా పోయిన నెలకి పోతుంది, ఆ తర్వాత అదే ఫైల్‌లోకి ఎక్కుతుంది. పైగా ఎమ్యులేటర్ అప్‌డేట్ అయితే పాత స్టేట్లు ఒక్కోసారి తెరుచుకోవు. కాబట్టి పెద్ద ఆర్‌పీజీల్లో (పాత్రని పెంచుకుంటూ పోయే పొడుగు కథల గేములు) గేము లోపలి సేవ్‌నే నమ్ముకోండి, స్టేట్‌ని ఆ పూట వరకే వాడండి.

మూడు, అసలు క్యాట్రిడ్జ్ (మనం క్యాసెట్ అనేది) వాడేవాళ్లకి. చాలా క్యాట్రిడ్జ్‌లలో సేవ్ నిలబడేది లోపలున్న బిళ్ల బ్యాటరీ వల్ల, ఇన్నేళ్లకి అది అయిపోతుంది. పాత బ్యాటరీ తీసిన క్షణం సేవ్ పోతుంది, కాబట్టి ముందు సేవ్‌ని కంప్యూటర్‌లోకి తీసుకోగలిగితే తీసుకోండి, తర్వాత టంకం పని వచ్చినవాళ్లతో మార్పించండి. గేమ్ బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ రూబీ, సఫైర్‌లలో బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వస్తే మాత్రం టెన్షన్ పడొద్దు, అక్కడ ఆగేది గడియారమే, సేవ్ భద్రంగా ఉంటుంది. క్యాట్రిడ్జ్ పట్టకపోతే నోటితో ఊదకండి, ఆ తేమకి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి, ఆరాక పెట్టండి.

చేతిలో పట్టుకుని ఆడే చిన్న హ్యాండ్‌హెల్డ్‌లతో పాటు వచ్చే పేరులేని మెమరీ కార్డు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కొన్న రోజే మంచి కార్డులోకి మార్చుకోండి.

సమస్య: మూడు వారాల తర్వాత తెరిస్తే ఎక్కడున్నామో, ఏ బటన్ దేనికో గుర్తులేదు

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకి ఈ సమస్య విడిగా చెప్పక్కర్లేదు. శనివారం ఆడదాం అనుకుంటాం, శుక్రవారం రాత్రికి దర్శనానికని చుట్టాలు దిగుతారు, హాల్లో చాపలు పడతాయి, టీవీ వాళ్లది. వచ్చినవాళ్లని చూసుకోవడం మనకి సంతోషమే, గేము కోసం దాన్ని తగ్గించుకోవాలని నేననను. గ్యాప్ వస్తుందని ముందే ఒప్పుకుని దానికి ఏర్పాటు చేసుకోవాలి.

ఆపేముందు ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకోండి. హాలో నైట్ అయితే ఇట్లా: "గ్రీన్‌పాత్‌లో హార్నెట్‌ని ఓడించాను. డాష్ వచ్చింది. ఇక ఫంగల్ వేస్ట్స్‌కి పోవాలి." ఏం చేశాను, ఏం దొరికింది, ఎటు పోవాలి. ఔటర్ వైల్డ్స్‌లో ఈ పని ఓడలోని కంప్యూటరే చేసిపెడుతుంది, తెలుసుకున్న ప్రతి సంగతీ దారాలతో కలిపి చూపిస్తుంది. 1995 నాటి క్రోనో ట్రిగ్గర్‌లో అట్లాంటి జాబితా లేదు, కాబట్టి రాసుకోవాల్సిందే. తిరిగి తెరిచిన రోజు బాస్ దగ్గరకి పోకండి, తేలిక శత్రువులున్న చోట కాసేపు తిరిగితే వేళ్లకి గుర్తొస్తుంది. కొత్తగా మొదలుపెట్టడం మాత్రం వద్దు, మొదటి మూడు గంటలే నాలుగైదుసార్లు ఆడి వదిలేసిన ఆర్‌పీజీలు మన అందరి దగ్గరా ఉన్నాయి.

టీవీ దొరకని రోజులకి హ్యాండ్‌హెల్డ్‌లో చిన్న గేము ఒకటి ఉంచుకోండి. తిరుపతి నుంచి చిత్తూరు బస్సు రెండు గంటలు, ఎ షార్ట్ హైక్‌లో కొండ శిఖరానికి చేరడానికి అది సరిపోతుంది. ఇంట్లోవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు వెన్బా పెట్టి చూడండి. 2023లో వచ్చింది, కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం కథ, గంటన్నర గేము. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన చోట ఇడ్లీ ఎట్లా చేయాలో మనమే తేల్చుకోవాలి. చిత్తూరు వైపు తమిళం అర్థమయ్యే ఇళ్లు ఎక్కువ, అమ్మో పెద్దమ్మో పక్కన కూర్చుంటే కంట్రోలర్ మీ చేతిలో ఉన్నా చెప్పేది వాళ్లే.

సమస్య: కథ అయిపోయింది కానీ 'పూర్తి' అనిపించట్లేదు, అందుకే తర్వాతిది మొదలవట్లేదు

కారణం శాతాలు. హాలో నైట్ 112 శాతం దాకా పోతుంది, 100 కూడా చివర కాదు. ఎండ్ క్రెడిట్స్ పడితే పూర్తయినట్టే, లిస్టులోంచి తీసేయండి. స్టార్‌డ్యూ వ్యాలీకి ముగింపే లేదు, అట్లాంటివాటికి గీత మీరే గీసుకోవాలి. మూడో ఏడాది మొదట్లో తాత వచ్చి పొలం ఎట్లా ఉందో చెబుతాడు, అక్కడ ఆపడం బాగుంటుంది.

సమస్య: అందరూ గొప్పదంటున్నారు, నాకు ఎక్కట్లేదు

వదిలేయండి. స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటలు ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. అందుకే కొత్తగా కొన్నది ఆ వారమే ఒక గంట ఆడి చూడాలి, దాచిపెట్టుకోకూడదు.

సమస్య: ఒకటి పూర్తయ్యేలోపు ఐదు కొంటున్నారు

సేల్ అయిపోతుందన్న కంగారే కారణం. స్టీమ్‌లో సీజన్ సేల్స్ ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి, ఇండీ గేము ఈసారి తగ్గిన ధరకే తర్వాత కూడా చాలావరకు దొరుకుతుంది. కొనాలనిపించినదాన్ని విష్‌లిస్ట్‌లో పెట్టండి, ధర తగ్గినప్పుడు స్టీమే మెయిల్ పంపుతుంది. 'ఇప్పుడు' కలెక్షన్‌లో ఒక ఖాళీ వచ్చిన రోజు ఆ లిస్టు తెరిచి, అప్పటికీ మనసు లాగుతున్నది ఒక్కటే కొనండి.