కారు ధరలో కంపెనీ పేరు వాటా ఎంత, సర్వీస్ వాటా ఎంత: బెంగళూరులో కొనేవారు లెక్క చూసుకునే పద్ధతి

బెంగళూరులో కారు కొనదలచిన మన తెలుగువారిలో చాలామంది మొదట షోరూమ్‌కు వెళ్ళి, ధర మాట్లాడుకుని, బండి ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు గాని సర్వీస్ కేంద్రం ముఖం చూడరు. ఈ వరుసను మార్చి, సర్వీస్ కేంద్రంతోనే మొదలుపెట్టమని నా సలహా. ఒక కంపెనీ పేరు చూసి మనం అదనంగా పెట్టే సొమ్ములో ఎక్కువ భాగం, బండి పాడైతే త్వరగా బాగుచేస్తారన్న నమ్మకానికీ, అయిదేళ్ళ తరువాత మారుబేరంలో మంచి ధర పలుకుతుందన్న నమ్మకానికీ చెల్లిస్తున్నదే. ఈ రెండింటినీ కొనకముందే పరీక్షించుకోవచ్చు.

పేరుకూ సర్వీసుకూ ఉన్న విలువను విడిగా చూపే ఉదాహరణ ఒకటి ఉంది. మారుతీ సుజుకీ బలెనోనే స్వల్ప మార్పులతో టయోటా 2019 నుంచి గ్లాంజా పేరుతో అమ్ముతోంది. గ్లాంజా వచ్చిన కొత్తలో దానికి 3 ఏళ్ళు లేదా 1,00,000 కిలోమీటర్ల వారంటీ ఉండగా, అదే ఇంజిన్ ఉన్న బలెనోకు 2 ఏళ్ళు లేదా 40,000 కిలోమీటర్లు మాత్రమే ఉండేది. 2024 జులైలో మారుతీ కూడా తన వారంటీని 3 ఏళ్ళకు, 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. అలాగే మన నగర శివార్లలోని బిడదిలో టయోటా తయారుచేసే ఇన్నోవా హైక్రాస్‌ను మారుతీ 2023 నుంచి ఇన్విక్టో పేరుతో అమ్ముతోంది. ఇలాంటి జంట కార్లలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు ఆన్‌రోడ్ ధర (పన్ను, రిజిస్ట్రేషన్, బీమా కలిపిన ధర), వారంటీ గడువు, డెలివరీకి పట్టే కాలం, మీ ఇంటికి దగ్గరగా ఉన్న సర్వీస్ కేంద్రం, ఈ నాలుగింటినీ పోలిస్తే చాలు.

సర్వీస్ కేంద్రాన్ని పరీక్షించడానికి శనివారం సాయంత్రం మంచి సమయం. బండి అప్పగించడానికి వచ్చినవారి కంటే, పని ముగిశాక తిరిగి తీసుకుంటున్నవారి మాటకు ఎక్కువ విలువ ఉంటుంది. చెప్పిన రోజుకు బండి ఇచ్చారా, ముందు చెప్పిన అంచనాకు మించి బిల్లు వచ్చిందా, అడగకుండానే ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం), ఏసీ శుభ్రం చేయడం వంటి పనులు బిల్లులో చేర్చారా అని వారిని మర్యాదగా అడగండి. ఆ తరువాత సర్వీస్ అడ్వైజర్ దగ్గర ముందు బంపర్, హెడ్‌లైట్, పక్క అద్దం, క్లచ్ సెట్, బ్రేక్ ప్యాడ్ల ధరలు రాసుకోండి. సిల్క్ బోర్డ్, మారతహళ్ళి, కె.ఆర్.పురం దారుల్లో రోజూ ఆగుతూ కదులుతూ నడిచే బండికి క్లచ్ త్వరగా అరుగుతుంది, బంపర్ తరచుగా గీరుకుంటుంది కనుక ఇవి మీ బండికీ తప్పని ఖర్చులే. ధరతో పాటు, ఆ భాగం ఇక్కడే నిల్వ ఉందా, తెప్పించాలంటే ఎన్ని రోజులు పడుతుందన్నది తప్పకుండా అడగండి. నా పాత కారులో ఒక చిన్న సెన్సర్ పాడైతే, భాగం రాలేదన్న కారణంతో బండి 19 రోజులు సర్వీస్ కేంద్రంలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆఫీసుకు క్యాబ్‌లకు పెట్టిన ఖర్చు సెన్సర్ ధరను దాటింది. కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నా ఎంపిక వేరుగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పండుగలకు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వైపు వెళ్ళేవారు మరో పని చేయాలి. బెంగళూరులో పది కేంద్రాలున్న కంపెనీకి మీ జిల్లాలో ఒక్కటీ లేకపోవచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే ఎక్కడి నుంచి సాయం వస్తుందో, ఆ కంపెనీ వెబ్‌సైటులోని కేంద్రాల జాబితాలో మీ ఊరి దారి పొడవునా చూసుకోండి.

ఇక లెక్క. ఊహకోసం రెండు కార్లు తీసుకుందాం. మొదటిది మంచి పేరున్నది, ఆన్‌రోడ్ ధర 11 లక్షలు. రెండవది 10 లక్షలు. అయిదేళ్ళ తరువాత మొదటిది 6.5 లక్షలకు, రెండవది 4.5 లక్షలకు అమ్ముడుపోతాయనుకుందాం. సర్వీస్ ఖర్చు వరుసగా 60 వేలు, 90 వేలు. అప్పుడు మొదటి కారుకు నిజంగా అయిన ఖర్చు 5.1 లక్షలు, రెండవదానికి 6.4 లక్షలు. అదనపు లక్షను 9 శాతం వడ్డీకి అయిదేళ్ళ అప్పుగా తీసుకున్నా వడ్డీ సుమారు 25 వేలే కనుక, ఖరీదైన కారే లక్షకు పైగా చవక. అయితే మీరు బండిని పదేళ్ళకు పైగా ఉంచుకునేవారైతే మారుబేరం ధరల్లోని తేడా బాగా తగ్గిపోతుంది, అప్పుడు పేరుకు లక్ష అదనంగా ఇవ్వడానికి కారణం కూడా బలహీనపడుతుంది. మీ అంచనాకు కావలసిన అంకెలు పాత కార్ల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అదే మోడల్, అదే ఏడాది బండ్లు కనీసం పది చూసి, అడుగుతున్న ధర నుంచి బేరంలో తగ్గే కొంత తీసివేయండి. బీమా పత్రంలోని ఐడీవీని, అంటే బీమా కోసం లెక్కగట్టిన బండి విలువను, మార్కెట్ ధరగా తీసుకోకండి. దాన్ని లెక్కగట్టే తరుగుదల పట్టిక ప్రకారం 4 నుంచి 5 ఏళ్ళ వయసున్న ఏ కంపెనీ కారుకైనా 50 శాతం తగ్గుతుంది, మార్కెట్లో మాత్రం పేరును బట్టి తరుగు మారుతుంది.

పాత కారు కొనేవారికి ఇదే తరుగు లాభంగా మారవచ్చు. షెవ్రొలే 2017 చివరలో మన దేశంలో అమ్మకాలు ఆపింది; చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో కర్మాగారం ఉన్న ఫోర్డ్, 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీని ఆపుతున్నట్టు ప్రకటించినా, సర్వీసును, విడిభాగాల సరఫరాను కొనసాగిస్తామని చెప్పింది. ఇలాంటి కారు చవకగా దొరికినప్పుడు, బేరానికి ముందే బెంగళూరు జె.సి.రోడ్‌లోని విడిభాగాల దుకాణాల్లో ఆ మోడల్ క్లచ్, సస్పెన్షన్ భాగాలు, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ భాగాలు దొరుకుతాయో లేదో విచారించండి. అవి దొరికి, నమ్మకమైన మెకానిక్ ఉంటేనే ఆ చవక మీకు ఉపయోగపడుతుంది. అధికారిక కేంద్రంలో సర్వీస్ చరిత్ర ఉన్న బండికి కొంత ఎక్కువ ఇచ్చినా తప్పులేదు, ఎందుకంటే కిలోమీటర్ల రీడింగ్ తగ్గించారేమో ఆ రికార్డులోనే బయటపడుతుంది.

కొనేటప్పుడు నగదు తగ్గింపు కోసం మాత్రమే పట్టుబట్టకుండా, పొడిగించిన వారంటీని అదే బేరంలో అడగండి. సాధారణంగా దాన్ని అసలు వారంటీ ముగియకముందే తీసుకోవాలి. ప్రతి జాబ్ కార్డును (బండిలో చేయాల్సిన పనులు రాసిచ్చే కాగితం), బిల్లును దాచండి. సర్వీసులో లోపం జరిగి కేంద్రం పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు చెప్పవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసే వీలుంది, అక్కడ ఈ కాగితాలే ఆధారం. కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న బండిని మీ ఊరివారికి అమ్మదలిస్తే, ఎన్‌ఓసీ (ఇక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం) తీసుకోవడంతో పాటు, వారు ఆంధ్రప్రదేశ్‌లో లేదా తెలంగాణలో మళ్ళీ జీవితకాల పన్ను కట్టాల్సి వస్తుంది కనుక ఆ మేరకు ధర తగ్గించమంటారు. మీ అయిదేళ్ళ లెక్కలో మారుబేరం ధరను బెంగళూరు కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకునే వేసుకోండి.