వాడకంలో అరిగిన గ్రాఫిక్స్ కార్డును పరీక్షించి కొనే విధానం

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లలో ఉంటున్న మన తెలుగువారికి వాడిన గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటరు తెర మీద ఆటల బొమ్మలను గీసే భాగం) సాధారణంగా మూసేస్తున్న గేమింగ్ కేఫ్‌లోనో, కంప్యూటరు మరమ్మతు దుకాణం అరలోనో, ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ ప్రకటనల్లోనో ఎదురవుతుంది. ఎక్కడ దొరికినా అది కొత్తదానిలా మెరుస్తూ ఉండదు. ఫ్యాను రెక్కలకు దుమ్ము పేరుకుని, మరల తలలు అరిగి, పోర్టులున్న రేకు మీద తుప్పు మచ్చలతో కనిపిస్తుంది. అలాంటి కార్డును చూడగానే వద్దనుకోవడం ఎంత పొరపాటో, చవకగా వస్తోందని పరీక్షించకుండా తెచ్చుకోవడం కూడా అంతే పొరపాటు. కొన్ని లోపాలను కొద్దిపాటి ఖర్చుతో, ఒక పూట ఓపికతో సరిచేసుకోవచ్చు. కొన్నింటిని ఎంత ఖర్చుపెట్టినా సరిచేయలేము. మన ముందున్న కార్డు వీటిలో ఏ కోవకు చెందుతుందో డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాలి.

చూడటానికి బయలుదేరే ముందే కార్డు వయసును లెక్క వేసుకోవడం మంచిది. ఎన్విడియా సంస్థ 2012లో మొదలైన కెప్లర్ తరం కార్డులకు కొత్త గేమింగ్ డ్రైవర్లను (కార్డును విండోస్‌తో, ఆటలతో కలిపి నడిపే ప్రోగ్రాములను) 2021లోనే ఆపేసింది. 2016లో మొదలైన జీటీఎక్స్ 10 శ్రేణికి కూడా 2025 అక్టోబరుతో ఆ వంతు వచ్చింది. ఇకపై 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. అంటే జీటీఎక్స్ 1060 ఇప్పటికే ఉన్న చాలా ఆటలకు చక్కగా పనికివస్తుంది గానీ, రేపు విడుదలయ్యే ఆటలో తేడా వస్తే దాన్ని సవరించే డ్రైవరు రాదు. ధర మాట్లాడేటప్పుడు ఈ సంగతిని మొహమాటం లేకుండా ప్రస్తావించాలి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి ఈ ఇబ్బంది లేదు. అది 75 వాట్లతోనే నడుస్తుంది, అందులో చాలా రకాలకు విడిగా కరెంటు కేబులు కూడా అవసరం లేదు. మన ఊళ్లలో అసెంబుల్ చేసి అమ్మే కంప్యూటర్లలో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్‌లే (కరెంటు అందించే పెట్టెలే) ఎక్కువ కాబట్టి, 185 వాట్లు తాగే ఏఎండీ సంస్థ ఆర్ఎక్స్ 580 కన్నా ఇలాంటి కార్డే అనేకులకు మేలని నా అభిప్రాయం.

నకిలీల విషయంలో జాగ్రత్త మరీ అవసరం. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ వంటి కార్డుల బయోస్ (కార్డు లోపలే ఉండే మూల ప్రోగ్రాము) మార్చి, వాటిని జీటీఎక్స్ 1050 టీఐ పేరుతో అమ్మే మోసం ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. జీటీఎక్స్ 10 శ్రేణిలో పాత అనలాగ్ తెరలకు బొమ్మ పంపే సౌకర్యమే తీసేశారు కనుక, 1050 టీఐ అని చెప్పే కార్డుకు అలాంటి తెరల కోసం ఉండే నీలిరంగు వీజీఏ పోర్టు ఉంటే అనుమానించాల్సిందే. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇలాంటి కార్డును గుర్తించినప్పుడు దాని పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. నకిలీ కాకపోయినా పేరులో మాయ ఉండవచ్చు. అసలైన ఆర్ఎక్స్ 580లో 2304 షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న విభాగాలు) ఉంటాయి. జీపీయూ-జెడ్‌లో 2048 మాత్రమే కనిపిస్తే అది ఆర్ఎక్స్ 570 స్థాయి కార్డు. అలాగే జీటీఎక్స్ 1060లో 6 జీబీ రకానికి 1280 షేడర్లుంటే, 3 జీబీ రకానికి 1152 మాత్రమే ఉంటాయి, కాబట్టి ఈ రెంటికీ తేడా కేవలం మెమరీలోనే ఉందనుకోకూడదు.

ఇక మైనింగ్ కార్డుల సంగతి, అంటే క్రిప్టో నాణేల సంపాదనకు నడిపిన కార్డుల సంగతి. ఎథీరియం అనే క్రిప్టో వ్యవస్థ 2022 సెప్టెంబరు 15న మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారడంతో ప్రపంచమంతటా లక్షల కార్డులు అమ్మకానికి వచ్చిపడ్డాయి, అవి చేతులు మారుతూ చిన్న పట్టణాలకూ చేరాయి. అమ్మే ప్రతివారూ ఇంట్లో పిల్లవాడు ఆడుకున్న కార్డేనని చెబుతారు. ఆ మాటను నమ్మడం, నమ్మకపోవడం రెండూ అనవసరం. మైనింగ్‌లో నడిచినంత మాత్రాన చిప్ పాడైపోదు. రాత్రింబగళ్లు తిరిగిన ఫ్యాన్ల బేరింగులు, ఎండిపోయిన థర్మల్ ప్యాడ్లు (భాగాల వేడిని బయటికి చేర్చే మెత్తని పట్టీలు), కొన్ని ఏఎండీ కార్డుల్లో మార్చేసిన బయోస్, ఇవీ నిజంగా చూడవలసినవి. అసలు డిస్‌ప్లే పోర్టులే లేని పీ106-100 వంటి కార్డులను మాత్రం కొత్తగా నేర్చుకుంటున్నవారు కొనకపోవడమే మంచిది.

గంజాం తీరప్రాంతంలో మైనింగ్ కన్నా ఉప్పుగాలే పెద్ద శత్రువు. గోపాలపూర్ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో వాడిన కార్డును వెలుతురులోకి తీసుకువెళ్లి, ఫోను టార్చి వేసి, హీట్‌సింక్ (చిప్ వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) రేకుల సందుల్లోకి చూడాలి. అల్యూమినియం రేకుల మీద తెల్లని పొడి కనిపించడం, రాగి గొట్టాలకు పచ్చని చిలుము పట్టడం చూడటానికి బాగుండకపోయినా చాలావరకు పైపై లోపాలే. అదే పచ్చదనం గానీ తెల్లని పొర గానీ సర్క్యూట్ బోర్డు మీద చిన్న చిన్న భాగాల కాళ్ల దగ్గర, మెమరీ చిప్‌ల అంచుల వెంబడి కనిపిస్తే ఆ కార్డును అక్కడే వదిలేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో వరదలు వచ్చాయి. అప్పటికే మార్కెట్లో ఉన్న కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి కనుక, నీటిలో తడిసిందా అన్న ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. స్టిక్కర్ల మీద అక్షరాలు అలుక్కుపోయి ఉండటం, ఫ్యాను తొడుగు లోపలి మూలల్లో సన్నని ఒండ్రు గీత ఉండటం అందుకు ఆనవాళ్లు.

బోర్డును కంటికి సమాంతరంగా పట్టుకుంటే వంగిందో లేదో తెలుస్తుంది. బరువైన కార్డు ఏళ్ల తరబడి ఆసరా లేకుండా వేలాడితే, మదర్‌బోర్డు స్లాటు గడియ పడే చోటుకు దగ్గరగా బోర్డులో వెంట్రుకవాసి పగులు వచ్చే అవకాశం ఉంది, కాబట్టి ఆ భాగాన్ని రెండువైపులా చూడాలి. స్లాటులో దిగే బంగారు పూత ఉన్న కాంటాక్టుల మీద నిలువు గీతలు సహజమే. పూత లేచిపోయి కింది పొర బయటపడితే, లేదా ఏదైనా కాంటాక్టు కాలి నల్లబడితే అది సహజం కాదు. కరెంటు కనెక్టరు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందంటే, ఎప్పుడో నాసిరకం అడాప్టరు పెట్టి నడిపి ఉండవచ్చు. మధ్యనున్న చిప్ చుట్టూ బోర్డు రంగు మారి, జిగట మరకలు మిగిలి ఉంటే, ఆగిపోయిన కార్డును వేడిగాలితో కాల్చి తాత్కాలికంగా బతికించి ఉండవచ్చు. అలా బతికినది సాధారణంగా కొన్ని వారాలే నడుస్తుంది. హీట్‌సింక్ అంచుల్లో నూనె కారినట్టు కనిపించే తడి మాత్రం థర్మల్ ప్యాడ్ల నుంచి దిగిన సిలికాన్ నూనె. దానికి భయపడనక్కర లేదు, కానీ బేరానికి వాడుకోవచ్చు.

చూడటం అయ్యాక నడపాలి. తెర మీద నడుస్తూ చూపించని కార్డును ఎంత తక్కువకిచ్చినా కొనకూడదు. జీపీయూ-జెడ్, కార్డును పూర్తి ఒత్తిడితో నడిపే ఫర్‌మార్క్, మెమరీ పరీక్ష ఉన్న ఓసీసీటీ, ఈ మూడు ప్రోగ్రాములనూ పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లండి. మీరు వచ్చేసరికి కంప్యూటరు ఆపి, చల్లగా ఉంచమని అమ్మేవారికి ముందే చెప్పండి, ఎందుకంటే టాంకాలు (సోల్డరు అతుకులు) బలహీనపడిన కార్డుల్లో కొన్ని వేడెక్కాక నడుస్తాయి గానీ చల్లగా ఉన్నప్పుడు తెర మీద బొమ్మ ఇవ్వవు. విండోస్ వచ్చాక డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 హెచ్చరిక (కార్డులో సమస్య వల్ల విండోస్ దాన్ని ఆపేసిందని చెప్పేది) ఉందేమో చూసి, జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడి పక్కనున్న ప్రశ్నార్థకాన్ని నొక్కి చిన్న పరీక్ష నడపాలి. ఎక్స్16 (మదర్‌బోర్డుతో 16 దారుల కలయిక) ఉండవలసిన కార్డు ఆ పరీక్ష నడుస్తుండగా కూడా ఎక్స్8, ఎక్స్4 దగ్గర ఆగిపోతే కాంటాక్టులు తుడిచి మళ్లీ చూడాలి, అయినా మారకపోతే మరో స్లాటులో లేదా మరో కంప్యూటరులో పెట్టి చూడాలి. ఆర్ఎక్స్ 6600 వంటివి తయారీలోనే ఎక్స్8 అన్నది గుర్తుంచుకోవాలి.

తరువాత ఫర్‌మార్క్‌ను పావుగంట నడిపి, వేడి ఎక్కడ నిలబడుతోందో గమనించాలి. ఇక్కడ అంకెను ఒంటరిగా చదవకూడదు. మే నెలలో బరంపురంలో ఏసీ లేని గదిలో జీటీఎక్స్ 1060 80 డిగ్రీలు చూపిస్తే అది ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఆ కార్డు 83 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకునేలా తయారైంది. అదే 80 డిగ్రీలు కోరాపుట్ కొండల మీద డిసెంబరు ఉదయం చూపిస్తే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్టు ఎండిపోయిందనో, ఫ్యాను సరిగా తిరగడం లేదనో అనుకోవాలి. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడైన చోటు) వేడి కూడా చూపించే కార్డుల్లో, చిప్ సగటు వేడికీ దానికీ 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలు. 30 దాటితే పేస్టు మార్చవలసిందే. ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పి, క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి వినాలి. గాలి హోరు ఫరవాలేదు, గరగరమన్న శబ్దం వస్తే బేరింగు పోయినట్టు. ఆ తర్వాత మెమరీ పరీక్షను కనీసం ఒక పూర్తి చుట్టు పోనివ్వాలి. ఒక్క తప్పు చూపించినా, తెర మీద రంగు చుక్కలు గానీ గళ్లు గానీ ఒక్కసారి మెరిసినా అక్కడితో బేరం ముగిసినట్టే. అమ్మేవారు డ్రైవరు సమస్య అంటారు. డ్రైవరు మార్చి చూపించమనండి. చివరగా, ఉన్న హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులన్నింటికీ కేబులు మార్చి చూసి, ఒకసారి రీస్టార్టు చేయాలి.

ధర విషయంలో నేను పాటించే లెక్క సులభమైనది. ఏ లోపమూ లేని అదే మోడలు ఆ వారం ప్రకటనల్లో ఎంతకు కనిపిస్తోందో చూసి, అందులోంచి కొత్త ఫ్యాన్ల ఖర్చు, పేస్టు, ప్యాడ్ల ఖర్చు, విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రప్పించే రవాణా ఖర్చు తీసేసి, మన శ్రమకు ఇంకొంత తగ్గించి అడగడం. బిల్లు ఉండి వారంటీ మిగిలి ఉంటే కొంచెం ఎక్కువ ఇవ్వవచ్చు. సీరియల్ నంబరు స్టిక్కరు గీకేసి ఉంటే మాత్రం అది ఎవరి సొత్తో తెలియదు, కొనకండి.

దూరం నుంచి కొనవలసివస్తే, అదే రోజు తేదీ రాసిన కాగితం, సీరియల్ నంబరు, జీపీయూ-జెడ్, ఫర్‌మార్క్ అన్నీ ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో చూపించమని అడగాలి. సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, ముందు సగం పంపండి అనే ప్రకటనలు దేశమంతటా పాత మోసమే. గోపాలపూర్‌లో సైనిక వాయు రక్షణ కళాశాల నిజంగానే ఉండటం వల్ల మన ప్రాంతంలో ఆ మాట ఇంకాస్త తేలికగా చెల్లుతుంది. బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, రైలు ఎక్కి వెళ్లి స్వయంగా చూసుకోవడానికి అదేమంత దూరం కాదు.

ఇంటికి తెచ్చాక వెంటనే బిగించకుండా ముందు శుభ్రం చేయాలి. బ్లోయరు పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచాలి, లేకుంటే గాలి వేగానికి బేరింగు దెబ్బతింటుంది. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి, పెట్రోలు వాడకూడదు. థర్మల్ ప్యాడ్లు మార్చేటప్పుడు పాతవాటి మందాన్ని నలగని అంచు దగ్గర కొలిచి అదే మందం తెప్పించుకోవాలి. 1 మిల్లీమీటరు ఉండవలసిన చోట 1.5 పెడితే హీట్‌సింక్ చిప్‌కు సరిగా ఆనక, మార్చకముందుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. కొత్త ఫ్యాను కావాలంటే పాత ఫ్యాను వెనుక స్టిక్కరు మీదున్న నంబరుతో ఆన్‌లైనులో వెతకాలి, కార్డు పేరుతో వెతికితే కనెక్టరు సరిపడనివే ఎక్కువ వస్తాయి.