ఊరి లైబ్రరీకి సెంట్రల్ గ్రాంట్: అప్లికేషన్ ఎలా పెట్టాలి, ఎక్కడ పోతుంది?

లైబ్రరీకి గవర్నమెంట్ గ్రాంట్ ఇస్తారట కదా, ఎవర్ని పట్టుకోవాలి అని అడిగేవాళ్లే అందరూ. ఎవర్నీ పట్టుకోనక్కర్లేదండీ, కాయితాలు సరిగ్గా ఉంటే చాలు. మా చుట్టుపక్కల ఊళ్ల లైబ్రరీలకి ఈ అప్లికేషన్లు నింపి నింపి విసుగొచ్చేసింది నాకు, ఎందుకంటే ప్రతి ఊరివాళ్లూ ఒకే చోట పడతారు, ఆ చోటు గురించి ముందే చెప్తే వినరు, చివరి వారంలో ఫోన్ చేసి "అన్నా, ఆడిట్ ఏదో అడుగుతున్నారే" అంటారు. అందుకే ఒకసారి రాసి పెట్టేస్తున్నా, ఇకమీద ఫోన్ చేసినవాళ్లకి ఇదే పంపిస్తా.

ముందు ఏ గ్రాంటో తేల్చుకోండి

నేను చెప్పేది రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ గురించి. కలకత్తాలో ఉంటుంది, 1972లో పెట్టారు, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడుస్తుంది. వీళ్లకి రెండు రకాల స్కీములుంటాయి. మ్యాచింగ్ అంటే రాష్ట్ర ప్రభుత్వం కొంత వేస్తే వీళ్లు కొంత కలుపుతారు, అది ప్రధానంగా సర్కారు లైబ్రరీల వ్యవహారం, దాని జోలికి మీరు పోవద్దు. నాన్-మ్యాచింగ్‌లో స్వచ్ఛంద సంస్థలు నడిపే పబ్లిక్ లైబ్రరీలకి సాయం ఉంటుంది, పుస్తకాలకి, ర్యాకులకి, కంప్యూటర్లకి, బిల్డింగ్‌కి, పిల్లల విభాగానికి, స్వర్ణోత్సవం శతజయంతి లాంటి వాటికి కూడా. స్కీముని బట్టి మన వాటా అంటూ కొంత చేతి డబ్బు చూపించాల్సి వస్తుంది, మొత్తం ఢిల్లీ నుంచే వచ్చేస్తుందని కమిటీ మీటింగులో ప్రకటించేయకండి.

పబ్లిక్ లైబ్రరీ అంటే ఎవరొచ్చినా లోపలికి రానిచ్చేది. కుల సంఘం భవనంలో ఓ మూల బీరువా పెట్టి, తాళం ప్రెసిడెంటు గారి జేబులో పెట్టుకుని, గ్రాంట్ కావాలంటే కుదరదు.

మ్యూజియం పెట్టుకున్నవాళ్ల దారి వేరు. సాంస్కృతిక శాఖలోనే మ్యూజియం గ్రాంట్ స్కీమ్ అని ఉంది, దానికి డీపీఆర్ రాయాలి, అంటే మన దగ్గరున్న వస్తువుల జాబితా, వాటిని ఎలా ప్రదర్శిస్తాం, ఎవరు చూసుకుంటారు, ఎంత ఖర్చు, ఇవన్నీ. లైబ్రరీ అప్లికేషన్‌లోనే "పాత నాణేల గ్యాలరీ కూడా" అని ఒక లైన్ ఇరికించేవాళ్లని చూశాను, రెండూ పోతాయి అలా చేస్తే.

తేలిక పనులు

సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా, పాన్, సొసైటీ పేరు మీద బ్యాంక్ అకౌంట్, స్వచ్ఛంద సంస్థల నమోదు కోసం నీతి ఆయోగ్ పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో ఐడీ, పీఎఫ్ఎంఎస్‌లో (కేంద్రం డబ్బు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు. ఇవి కూర్చుంటే అయిపోయే పనులే, దర్పణ్‌కి కమిటీ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు దగ్గర పెట్టుకోండి చాలు. ఒక్క మాట, అన్నిట్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. రిజిస్ట్రేషన్‌లో "గ్రంధాలయం" ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకలా, పాన్‌లో ఇంకోలా, బ్యాంకులో "లైబ్రరీ" అని ఉంటే ముందు అవి సరిచేయించుకోండి. కొత్త కార్యవర్గం లిస్టు ఏటా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైల్ చేయాలని కూడా చాలామందికి తెలీదు, చనిపోయిన కార్యదర్శి గారి పేరే ఇంకా అక్కడ నడుస్తూ ఉంటుంది.

అసలు పని: మూడేళ్ల ఆడిట్

ఇక్కడ నెమ్మదిగా చదవండి. అప్లికేషన్లు పోయేది ఇక్కడే.

గత మూడేళ్ల ఆడిటెడ్ లెక్కలు అడుగుతారు. అంటే ఏడాదికొకటి చొప్పున విడివిడిగా రిసీట్స్ అండ్ పేమెంట్స్, ఇన్‌కమ్ అండ్ ఎక్స్‌పెండిచర్, బ్యాలెన్స్ షీట్, వాటి మీద సీఏ గారి రిపోర్టు, సంతకం, సీలు, మెంబర్‌షిప్ నంబరు, యూడీఐఎన్. మన ఊళ్లలో ఏం చేస్తారంటే మూడేళ్లు ఏమీ రాయరు, నోటిఫికేషన్ రాగానే ఎవరో తెలిసిన సీఏ దగ్గరికి పరిగెత్తి మూడింటినీ ఒకే రోజు చేయించేస్తారు, పాత తేదీలు వేయమంటారు. యూడీఐఎన్ అనేది సీఏ గారు సంతకం పెట్టే రిపోర్టుకి విడిగా తీసుకునే పద్దెనిమిది అక్షరాల నంబరు, అందులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం, తర్వాతి ఆరు సీఏ గారి మెంబర్‌షిప్ నంబరు. 2022-23 లెక్క మీద 25తో మొదలయ్యే నంబరుంటే అది ఎప్పుడు వండారో చదవగలిగినవాడికి చెప్పక్కర్లేదు, పైగా సీఏల ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటులో ఎవరైనా ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. లేటుగా చేయించినా తప్పు కాదు, ఉన్న తేదీనే వేయించండి, కానీ పాత తేదీ వేయించడం మాత్రం వద్దు.

రెండో గుంట ఇంకా పెద్దది. చాలా ఊళ్లలో లైబ్రరీకి విడిగా సొసైటీ ఉండదు, యువజన సంఘమే వినాయక చవితి చేస్తుంది, సంక్రాంతికి కబడ్డీ పెడుతుంది, రక్తదాన శిబిరం పెడుతుంది, లైబ్రరీ కూడా నడుపుతుంది. తప్పేం లేదు. కానీ లెక్కలు తీసి చూస్తే "ఉత్సవాల ఖర్చు", "టెంట్ హౌస్", "ఇతర ఖర్చులు" అంతే, లైబ్రరీ అన్న మాటే ఉండదు. మూడేళ్లలో లైబ్రరీ మీద ఒక్క రూపాయి కనపడకపోతే కలకత్తాలో కూర్చున్నాయన మీకు లైబ్రరీ ఉందని ఎందుకు నమ్మాలి? పేపర్ల బిల్లు, కరెంటు బిల్లు, అద్దె, సాయంత్రం తలుపు తీసే అబ్బాయికిచ్చే గౌరవ వేతనం, బైండింగ్, పుస్తకాల కొనుగోలు, ఇవి ఒక్కొక్కటీ విడి పద్దుగా ఉండాలి. పేపర్ ఏజెంటు దగ్గర నెలనెలా రసీదు తీసుకోండి, ఇవ్వనంటే మీరే వోచర్ రాసి సంతకం పెట్టించుకోండి.

మూడోది డబ్బు ఎక్కడ పడింది అన్నది. విరాళాలన్నీ ప్రెసిడెంటు గారి ఫోన్‌పేకి వస్తే అవి సొసైటీ లెక్కలోకి రావు, ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే. ఇక్కడే అమెరికా అబ్బాయిల సంగతి కూడా చెప్పాలి. మన ఊరి కుర్రాడు డాలస్‌లో ఉంటాడు, లైబ్రరీకి డబ్బు పంపిస్తా అంటాడు, మనం ఉబ్బిపోయి అకౌంట్ నంబర్ ఇచ్చేస్తాం. అతను ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉండి తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసేసుకున్నాడా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైపోయిన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఉన్నా సరే చట్టం లెక్కలో అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు, రిజిస్ట్రేషన్ ఉన్నా ముందు అది ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని అకౌంట్లోనే పడాలి. కాబట్టి డబ్బు పంపించమనే ముందు "నీ పాస్‌పోర్టు ఏ దేశానిది నాయనా" అని అడగండి, మొహమాటపడకండి, పాస్‌పోర్టు జిరాక్స్ కూడా ఫైల్లో పెట్టుకోండి.

పుస్తకాలు దానంగా వచ్చినవైతే యాక్సెషన్ రిజిస్టర్‌లో (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసి రాసే పుస్తకం) ఎక్కించండి, ఎవరిచ్చారో రాయండి. అప్లికేషన్‌లో చెప్పే పుస్తకాల సంఖ్య ఆ రిజిస్టర్ చివరి నంబరుతో పొంతన కుదరాలి, చిరిగి తీసేసినవి ఉంటే అవి కూడా రాసుండాలి. ఊరికే "పదివేల పుస్తకాలు" అని గొప్పకి రాసి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనకి నాలుగు బీరువాలు చూపిస్తే ఏం బావుంటుంది చెప్పండి.

సీఏ దగ్గర్నుంచి రిపోర్టు తీసుకున్నాక సంతకం చూసి మురిసిపోకుండా ఇంటికొచ్చి ఒక పని చేయండి. బ్యాంక్ పాస్‌బుక్ తీసి మార్చి 31న ఎంత నిల్వ ఉందో చూడండి, బ్యాలెన్స్ షీట్‌లో బ్యాంకు నిల్వ అదే ఉండాలి, తేడా ఉంటే ఇంకా పాస్ కాని చెక్కుల వల్లేనా అని అడగండి. తర్వాత ఒక ఏడాది ముగింపు నిల్వ, పై ఏడాది ప్రారంభ నిల్వ ఒకటేనా చూడండి. దీనికి కామర్స్ చదవక్కర్లేదు, అయినా ఈ ఒక్క చూపు చూడకుండా పంపించేసినవాళ్లు ఎంతమందో.

క్యాష్ బుక్ చేత్తోనే రాయాలి. కంప్యూటర్లో రాస్తామంటారు కుర్రాళ్లు, వద్దు. ఆదివారం సాయంత్రం కార్యదర్శీ, కోశాధికారీ ఇద్దరూ కూర్చుని ఆ వారం రసీదులు పెట్టుకుని నీలం ఇంకుతో రాయండి, ఇద్దరూ సంతకం పెట్టండి, మూడేళ్ల తర్వాత సీఏ గారు ఏది అడిగినా దొరుకుతుంది. ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. "మాకు పది శాతం ఇవ్వండి, ఆడిట్‌తో సహా అన్నీ మేమే చూసుకుంటాం" అని తిరిగే కన్సల్టెంట్లున్నారే, వాళ్లు నాలుగు ఊళ్లకి ఒకే లెక్క ఒకే అంకెలతో ఇస్తారు, పేరు మాత్రం మారుస్తారు. ఆ నాలుగూ ఒకే టేబుల్ మీదకి చేరతాయన్న ఆలోచన వాళ్లకీ ఉండదు, డబ్బిచ్చే మనకీ ఉండదు. మీ టౌన్లో ఉన్న సీఏకి ఫీజిచ్చి చేయించుకోండి, పైగా ఆయన్ని ఏటా జూన్‌లోనే కలవండి.

మిగతా కాయితాలు

కమిటీ తీర్మానం మినిట్స్ బుక్‌లో రాసి కాపీ పెట్టండి, ఏ స్కీము, ఎంత, మన వాటా ఎంత, ఎవరికి సంతకం అధికారం, అన్నీ అందులోనే రావాలి. ఫర్నిచర్‌కి మూడు కొటేషన్లు మూడు షాపులవి తెండి, ఒకే కంప్యూటర్లో లెటర్‌హెడ్ మార్చి కొట్టినవి కాదు, మూడింట్లోనూ "స్టీలు" అన్న మాట ఒకే రకంగా తప్పు రాసి ఉంటే పిల్లాడు కూడా పట్టేస్తాడు. బిల్డింగ్ అయితే స్థలం సొసైటీ పేరు మీద ఉండాలి, ప్లాను, ఇంజనీరు ఎస్టిమేటు ఉండాలి.

ఫోటోలు పొద్దున పూట తీయండి. బోర్డు కనపడాలి, జనం కూర్చుని చదువుతూ కనపడాలి. శాలువాలు కప్పించుకునే ఫోటోలు పంపకండి, దయచేసి.

శతజయంతికి, వజ్రోత్సవానికి అడిగేవాళ్లు లైబ్రరీ పుట్టిన సంవత్సరానికి రుజువు వెతుక్కోండి. మన దగ్గర లైబ్రరీ ఉద్యమం పాతది, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది, వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. అలాంటి పెద్ద వాటికి చరిత్ర రాసి ఉంది. చిన్న ఊళ్ల లైబ్రరీలకి మాత్రం నడవడం మొదలైన చాలా ఏళ్లకి గానీ రిజిస్ట్రేషన్ అవ్వదు, అందుకని గోడలో శిలాఫలకం, పాత మినిట్స్ బుక్, అప్పటి రసీదులు ఏం దొరికినా స్కాన్ చేయండి. సున్నం వేసేటప్పుడు శిలాఫలకం మీద కూడా పూసేస్తారు మనవాళ్లు, ముందది గీకించండి.

పంపడం

అప్లికేషన్ ఆ ఏడాది ఫౌండేషన్ వెబ్‌సైటులో ఎలా పెట్టమంటే అలాగే పెట్టండి, పోయినేడాది ఫారం జిరాక్స్ తీసి నింపకండి. దానికి రాష్ట్ర లైబ్రరీ కమిటీ సిఫారసు కావాలి, కాబట్టి పౌర గ్రంథాలయ శాఖ దాకా మన ఫైలు వెళ్లాలి. అంతకంటే ముందు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారిని ఓసారి కలిసి మన లైబ్రరీ చూపించండి. మనం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నది ఆ సంస్థకే, 1960 చట్టం నుంచీ ఉన్న ఏర్పాటు అది, కాబట్టి అక్కడికెళ్లడానికి జంకక్కర్లేదు. ఎమ్మెల్యే గారి లెటర్ పెట్టాలా అంటారు, పెట్టినా నష్టం లేదు గానీ దాని కోసం తిరిగే టైములో పైన చెప్పిన పాస్‌బుక్ చూసుకోండి.

డబ్బు వచ్చాక

ఏ పనికి అడిగారో దానికే ఖర్చుపెట్టాలి, ర్యాకులకొచ్చిన డబ్బుతో అరుగు కట్టించకూడదు. ఆ డబ్బు మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా మనది కాదు, లెక్క చూపి తిరిగివ్వాలి. కొన్న వస్తువులు రిజిస్టర్‌లో రాయాలి, పర్మిషన్ లేకుండా అమ్మకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), అంటే డబ్బు అడిగిన పనికే ఖర్చయిందన్న ధ్రువపత్రం, పంపాలి, దాని ఫారం జీఎఫ్ఆర్ 12-ఏ. గ్రాంటు ఉత్తర్వులో ఇంకా ముందు తేదీ రాసుంటే ఆ తేదీకే పంపండి. పంపాక అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో కలిపి రెండు కాపీలు తీసి, ఒకటి లైబ్రరీ బీరువాలో, ఇంకోటి కోశాధికారి ఇంట్లో పెట్టండి, ఎందుకంటే రెండోసారి అప్లై చేసినప్పుడు మొట్టమొదట అడిగేది పాత గ్రాంటు యూసీయే, అప్పటికి కార్యవర్గం మారిపోయుంటుంది.